తొందరలో ఉన్న మంచివాళ్లు



అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ప్రిన్‌స్టన్ అనే ఊరుంది. పెద్ద విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. అక్కడే పాస్టర్లు కాదలచినవాళ్లు చదువుకునే సెమినరీ కూడా ఒకటుంది. 1970 డిసెంబరులో, మంచి చలికాలంలో, ఆ సెమినరీ విద్యార్థులు నలభై మందితో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. వాళ్లలో ఒకరు జాన్ డార్లీ, రెండోవారు డేనియల్ బ్యాట్సన్. బ్యాట్సన్ మనస్తత్వ శాస్త్రంతో పాటు దైవశాస్త్రం కూడా చదువుకున్నవాడు కాబట్టి, ఆ విద్యార్థుల మనసు ఆయనకు బాగా తెలుసు.

విద్యార్థులకు చెప్పింది ఇదీ. మీరు ఒక చిన్న ప్రసంగం చేయాలి, దాన్ని రికార్డు చేస్తాం. కొందరికిచ్చిన అంశం, సెమినరీ చదివినవాళ్లకు ఎలాంటి ఉద్యోగాలు నప్పుతాయి అన్నది. మిగిలినవాళ్లకిచ్చింది మంచి సమరయుడి కథ. లూకా సువార్తలో యేసు చెప్పిన కథ అది. యెరూషలేము నుంచి యెరికోకు పోయే దారిలో దొంగలు ఒకణ్ని కొట్టి, దోచుకుని, కొనప్రాణంతో వదిలేసి పోతారు. ఆ దారినే ఒక యాజకుడు వస్తాడు, చూసి పక్కనుంచి వెళ్లిపోతాడు. తర్వాత ఒక లేవీయుడు, అతనూ అంతే. చివరికి యూదులు తమవాడిగా ఎంచని ఒక సమరయుడు ఆగుతాడు. గాయాలకు కట్లు కట్టి, సత్రానికి చేర్చి, ఖర్చు కూడా తనే పెట్టుకుంటాడు.

ప్రసంగం రికార్డు చేసే గది ఇంకో భవనంలో ఉంది. అక్కడికి పంపేటప్పుడు కొందరితో, "ఇంకా కొంచెం టైముంది, అయినా మెల్లగా బయల్దేరండి" అన్నారు. కొందరితో, "వాళ్లు సిద్ధంగా ఉన్నారు, వెళ్లండి" అన్నారు. ఇంకొందరి దగ్గర గడియారం చూసుకుని, "అయ్యో, మీకు అప్పుడే ఆలస్యమైంది, మీకోసం ఎదురుచూస్తున్నారు, త్వరగా వెళ్లండి" అన్నారు. రెండు భవనాల మధ్య సందులో, ఒక గుమ్మం దగ్గర, ఒక మనిషి తల వేలాడేసి, కళ్లు మూసుకుని, కూలబడి ఉన్నాడు. విద్యార్థి దగ్గరికి రాగానే రెండుసార్లు దగ్గి, మూలిగాడు. అతనూ ప్రయోగంలో భాగమేనని వేరే చెప్పక్కర్లేదు.

ఎంతమంది ఆగారు? తొందర లేనివాళ్లలో నూటికి 63 మంది లెక్కన ఏదో ఒక రకంగా సాయపడ్డారు. మధ్యస్థంగా తొందర ఉన్నవాళ్లలో 45. ఆలస్యమైందని పరుగు పెట్టించినవాళ్లలో 10. సమరయుడి కథను మనసులో వల్లె వేసుకుంటూ, ఆ మూలుగుతున్న మనిషిని దాటుకుని పోయినవాళ్లు కూడా ఉన్నారు. విద్యార్థులు భక్తిని ఎలా అర్థం చేసుకుంటారో ముందే ప్రశ్నలు వేసి రాసుకున్నారు. మతం స్వర్గానికి మెట్టు అనుకునేవారెవరు, అదే జీవితం అనుకునేవారెవరు, జవాబుల కోసం వెతుక్కునేవారెవరు అని. ఎవరు ఆగుతారో, ఎవరు ఆగరో చెప్పడానికి ఆ వివరాలేవీ అక్కరకు రాలేదు. పనికొచ్చింది ఒక్కటే, గది దాటే ముందు చెవిన పడ్డ ఆ ఒక్క వాక్యం.

ఈ అంకెలు చాలా పుస్తకాల్లోకి ఎక్కాయి. నాకు మాత్రం అంకెల కన్నా తర్వాతి సంభాషణలు ముఖ్యమనిపిస్తాయి. ప్రయోగం అయ్యాక విద్యార్థులతో మాట్లాడి చూస్తే, తొందరలో పోయినవాళ్లలో కొందరు ఆ మనిషిని చూశారు గాని, అతనికి సాయం కావాలన్న సంగతి అప్పుడు తట్టనే లేదు, తర్వాత తట్టింది. ఇంకొందరు ఆందోళన పడుతూనే రికార్డింగ్ గదికి చేరారు. ఒకవైపు ఆ మనిషి, మరోవైపు తమకోసం ఎదురుచూస్తున్న ఇంకో మనిషి. ఇద్దరిలో ఒకరికి మాట ఇచ్చేశారు. వాళ్లను రాతి గుండెలవాళ్లు అనేయడం సులువే. రాతి గుండెలవాళ్లయితే ఆందోళన ఎందుకు పడతారు? డార్లీ, బ్యాట్సన్ ఇంకో చమత్కారమైన సంగతి గుర్తుచేశారు. కథలోని యాజకుడు, లేవీయుడు ఇద్దరూ హోదా ఉన్నవాళ్లు. చేతినిండా పనులు, వెళ్లవలసిన చోట్లు, కలవవలసిన మనుషులు. సమరయుడికి అంత పని ఉండి ఉండకపోవచ్చు.

ప్రయోగాన్ని విమర్శించినవాళ్లూ లేకపోలేదు. నలభై మంది అంటే చిన్న సంఖ్య. సమరయుడి కథ చెప్పబోతున్నవాళ్లు ఉద్యోగాల గురించి చెప్పబోతున్నవాళ్ల కన్నా కాస్త ఎక్కువగానే ఆగారు. ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చని పరిశోధకులు వదిలేశారు. మరికొంతమందితో చేసి ఉంటే అది నిలిచేదేమో అని తర్వాతివాళ్లు అన్నారు. న్యాయమైన మాట. నీతికథకు అసలు బలమే లేదనడానికి ఈ ప్రయోగం చాలదు. కాకపోతే తొందరకు అంత బలం ఉంటుందని ఎవరూ ముందుగా ఊహించి ఉండరు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఎదురింటాయన పొద్దున్నే కనబడి పలకరించకుండా వెళ్లిపోయాడు. మనం ఏమంటాం? "ఈ మధ్య బాగా పొగరెక్కింది" అంటాం. మర్నాడు మనమే ఆయన్ని పలకరించకుండా పోతే? "ఏదో ధ్యాసలో ఉన్నాను, చూసుకోలేదు" అంటాం. ఎదుటివాడి పనికి కారణం వాడి గుణం, మన పనికి కారణం మన పరిస్థితి. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసిన లీ రాస్ అనే ఆచార్యుడు 1977లో ఎదుటివాళ్లను చూసేటప్పుడు పరిస్థితిని తక్కువగా, గుణాన్ని ఎక్కువగా లెక్కగట్టే అలవాటును మౌలికమైన పొరపాటు అన్నాడు. ఇంత దగ్గరి సంగతికి ఒక శాస్త్రం కావాలా అని మీకు అనిపించవచ్చు. ఆయన చేసిన ఒక ప్రయోగం చూస్తే కావాలనే అనిపిస్తుంది.

విద్యార్థులను జంటలుగా కూర్చోబెట్టారు. ఎవరు ప్రశ్నలు అడగాలి, ఎవరు జవాబులు చెప్పాలి అన్నది వాళ్ల కళ్లముందే చీటీలు తీసి తేల్చారు. అడిగేవాడు తనకు తెలిసిన సంగతుల్లోంచి కష్టమైన ప్రశ్నలు తయారుచేసుకోవచ్చు. ఎవడికైనా ఏదో ఒక మూల ఎవరికీ తెలియని సంగతులు కొన్ని తెలిసే ఉంటాయి కదా. సహజంగానే జవాబు చెప్పేవాడు చాలా ప్రశ్నలకు నోరెళ్లబెట్టాడు. ఆట అయ్యాక, మీ ఇద్దరిలో ఎవరికి లోకజ్ఞానం ఎక్కువని అడిగారు. జవాబు చెప్పినవాళ్లు, అడిగినవాడికే ఎక్కువన్నారు. చూస్తూ కూర్చున్నవాళ్లూ అదే అన్నారు. పాత్రలు చీటీల్లో వచ్చాయని అందరికీ తెలుసు. తెలిసినా లెక్కలోకి రాలేదు.

మౌఖిక పరీక్షలో బల్లకు అటువైపు కూర్చున్నవాళ్లను, టీవీలో క్విజ్ నడిపే యాంకరును, ఉద్యోగాల ఇంటర్వ్యూ బోర్డును ఒక్కసారి తలచుకోండి. కాగితం వాళ్ల చేతిలో ఉంది, జవాబు ఆ కాగితం మీదే ఉంది. అయినా మనకు వాళ్లు మహా పండితులుగా కనిపిస్తారు. బల్లకు ఇటువైపు చెమటలు పడుతున్న కుర్రాడు మొద్దులా కనిపిస్తాడు. వాడికీ అలాగే అనిపిస్తుంది, అది ఇంకా అన్యాయం.

అయితే ఈ అలవాటు మనుషులందరిదీ ఒకేలా ఉంటుందా? ఇక్కడ మన దేశానికి సంబంధించిన ఒక మంచి పరిశోధన ఉంది. జోన్ మిల్లర్ అనే పరిశోధకురాలు 1984లో ప్రచురించింది. అమెరికాలోని షికాగోలో కొందరు, మన మైసూరులో కొందరు. పెద్దవాళ్లతో పాటు ఎనిమిది, పదకొండు, పదిహేనేళ్ల పిల్లలు కూడా. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా చేసిన ఒక మంచి పని, ఒక చెడ్డ పని చెప్పండి, ఎందుకలా చేశారో చెప్పండి అని అడిగింది. ఎనిమిదేళ్ల పిల్లల జవాబుల్లో రెండు దేశాలకూ పెద్ద తేడా లేదు. వయసు పెరిగేకొద్దీ అమెరికన్లు "అతను అలాంటివాడు" అనే వైపు మొగ్గారు. మైసూరువాళ్లు "అతని పరిస్థితి అలాంటిది, వాళ్లిద్దరి మధ్య సంబంధం అలాంటిది" అనే వైపు మొగ్గారు.

అందులో ఒక ఉదంతం ఎంత ఆలోచించినా తెగదు. ఒక లాయరు మోటారు సైకిలు మీద కోర్టుకు వెళుతున్నాడు. వెనక ఒకతను కూర్చున్నాడు. దారిలో ప్రమాదం జరిగి వెనకతను పడ్డాడు, తలకు దెబ్బ తగిలింది. లాయరు అతణ్ని ఆసుపత్రిలో దించి, దెబ్బ ఎంత పెద్దదో డాక్టరును కనుక్కోకుండానే కోర్టుకు వెళ్లిపోయాడు. తర్వాత ఆ మనిషి చనిపోయాడు. షికాగోవాళ్లలో ఎక్కువమంది, ఆ లాయరు బాధ్యత లేనివాడు, తన పని తప్ప పట్టనివాడు అన్నారు. మైసూరువాళ్లలో చాలామంది, కోర్టులో క్లయింటు ఎదురుచూస్తున్నాడు, హాజరు కావడం ఆయన విధి కదా, కంగారులో దెబ్బ అంత పెద్దదని తెలిసి ఉండదు అన్నారు. ప్రిన్‌స్టన్ సందులోని విద్యార్థే ఇక్కడ లాయరు కోటు వేసుకున్నాడు చూడండి.

ఇది విని మనం మహా ఉదారులమని సంబరపడేలోపు, మన ఇళ్లలో కోడళ్ల గురించీ, పక్క కులంవాళ్ల గురించీ, పరీక్ష తప్పిన పిల్లల గురించీ మాట్లాడుకునే మాటలు కూడా గుర్తు చేసుకోవాలి. పరిస్థితిని చూసే కన్ను మనకుంది. ఎవరి పట్ల తెరుస్తామో, ఎవరి పట్ల మూస్తామో అన్నది వేరే లెక్క.

ఇక గుంపు సంగతి. 1964 మార్చి 13 తెల్లవారుజామున న్యూయార్కు నగరంలో, క్వీన్స్ ప్రాంతంలో, కిటీ జెనోవీస్ అనే యువతిని ఒక దుండగుడు ఆమె ఇంటి దగ్గరే పొడిచి చంపాడు. రెండు వారాల తర్వాత ఒక పెద్ద పత్రిక, 38 మంది పౌరులు కిటికీల్లోంచి చూస్తూ ఉండిపోయారని, ఎవరూ పోలీసులకు ఫోను చేయలేదని రాసింది. నగరమే సిగ్గుతో తలదించుకుంది. చాలా ఏళ్ల తర్వాత తేలిందేమిటంటే, ఆ కథనం అతిశయోక్తి. చాలామందికి కేకలు వినిపించాయి గాని ఏం జరుగుతోందో కనబడలేదు. రెండోసారి దాడి మెట్ల దగ్గర, ఎవరికీ కనబడని చోట జరిగింది. ఒక పొరుగింటావిడ కిందికి పరుగెత్తి వచ్చి ఆమెను ఒళ్లోకి తీసుకుంది కూడా. 2016లో ఆ పత్రికే తన పాత కథనంలో లోపాలున్నాయని ఒప్పుకుంది.

విచిత్రం ఏమిటంటే, ఆ తప్పుడు కథ నుంచే ఒక మంచి పరిశోధన పుట్టింది. ప్రిన్‌స్టన్ ప్రయోగానికి ముందే డార్లీ, బిబ్ లటానే అనే సహచరుడితో కలిసి, అందరిలా "నగరవాసుల గుండె ఎండిపోయింది" అనకుండా, ఇంకో ప్రశ్న వేసుకున్నాడు. పక్కన జనం ఉండడమే మనిషిని ఆపుతుందా?

ఒక గదిలో విద్యార్థి కూర్చుని కాగితాలు నింపుతుంటాడు. గోడలోని కంతలోంచి పొగ రావడం మొదలవుతుంది. ఒంటరిగా ఉన్నవాళ్లలో నూటికి 75 మంది లేచి వెళ్లి చెప్పారు. అదే గదిలో, ముందే చెప్పి పెట్టిన ఇద్దరు మనుషులు పొగను చూసి భుజాలెగరేసి రాసుకుంటూ కూర్చుంటే, పదిమందిలో ఒక్కడే లేచాడు. మిగిలినవాళ్లు దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ, చేత్తో పొగ విసురుకుంటూ కాగితాలు నింపారు. తర్వాత అడిగితే ఆవిరి అనుకున్నామన్నారు, ఏసీ నుంచి వచ్చిందనుకున్నామన్నారు. తమ చేత నిజం చెప్పించడానికి వదిలిన వాయువేమో అన్నవాళ్లు కూడా ఇద్దరున్నారు. నలుగురితో నారాయణా, గుంపులో గోవిందా అని మనవాళ్లు నవ్వుతూ అంటారు గాని, పొగ నిండిన గదిలో కూడా అది నిజమవుతుందని ఎవరనుకుంటారు?

ఇంకో ప్రయోగంలో విద్యార్థులు వేర్వేరు గదుల్లో కూర్చుని మైకుల్లో మాట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి ఒక గొంతు తడబడింది, మూర్ఛ వస్తోంది, సాయం చేయండి అని ఊపిరాడక ఆగిపోయింది. అది ముందే రికార్డు చేసిన గొంతు. వింటున్నది తానొక్కడే అనుకున్నవాళ్లలో నూటికి 85 మంది గొంతు ఆగిపోయేలోపే గదిలోంచి బయటికి వచ్చారు. ఇంకొకరు కూడా వింటున్నారనుకున్నప్పుడు 62. ఇంకో నలుగురు వింటున్నారనుకున్నప్పుడు 31. కదలనివాళ్లు హాయిగా కూర్చోలేదు. వాళ్ల చేతులు వణికాయి, అరచేతులు చెమటలు పట్టాయి. ఆ మనిషి ఎలా ఉన్నాడని వాళ్లే ఆదుర్దాగా అడిగారు.

పరిశోధకులు ఆఖర్న ఒక ప్రశ్న వేశారు. ఇతరులు కూడా వింటున్నారన్న సంగతి మీ మీద ప్రభావం చూపిందా? నేరుగా అడిగారు, తిప్పి అడిగారు, నెమ్మదిగా అడిగారు, గట్టిగా అడిగారు. ఎలా అడిగినా ఒకటే జవాబు, లేదు అని. వాళ్లు అబద్ధం చెప్పలేదు. తమను కదలకుండా పట్టి ఉంచింది ఏమిటో వాళ్లకు నిజంగా తెలియదు. సామాజిక మనస్తత్వ శాస్త్రం మొత్తంలో నన్ను బాగా పట్టుకున్న మాట ఇదే. ఎంత సూటిగా అడిగినా పైకి రానిదాన్ని ఇంటర్వ్యూలతో పట్టుకోలేం. రెండు గదులు తీసుకుని, ఒకదానిలో ఒక్క చిన్న సంగతి మార్చి, ఏమవుతుందో చూడాల్సిందే.

ఇందులోనూ తొందరపడి తీర్పు చెప్పకూడదు. 2019లో అచ్చయిన ఒక పరిశోధనలో ఆమ్‌స్టర్‌డామ్, ఇంగ్లండులోని లాంకస్టర్, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వీధి కెమెరాల్లో నమోదైన 219 గొడవలను చూశారు. ప్రతి పదింటిలో తొమ్మిదింట, చుట్టూ ఉన్నవాళ్లలో కనీసం ఒకరైనా అడ్డుపడ్డారు. జనం ఎక్కువ ఉన్నకొద్దీ ఎవరో ఒకరు ముందుకు వచ్చే అవకాశం పెరిగింది. పొగ గది ప్రయోగానికి ఇది విరుద్ధమా? పూర్తిగా కాదు. ఒక్కొక్క మనిషి కదిలే అవకాశం తగ్గినా, మనుషులు ఎక్కువమంది ఉంటే ఎవరో ఒకరు కదులుతారు. పైగా కళ్లెదుట కొట్టుకుంటుంటే ఏం జరుగుతోందన్న సందేహం ఉండదు. పొగ విషయంలో, మూసిన తలుపు వెనక మూలుగు విషయంలో ఆ సందేహమే ఉంటుంది. సందేహం ఉన్నచోట మనం పక్కవాడి ముఖం చూస్తాం, వాడు మన ముఖం చూస్తాడు, ఇద్దరమూ నిబ్బరంగా ఉన్నట్టు నటిస్తాం.

మన రోడ్ల మీద కథ ఇంకో రకం. ప్రమాదం జరిగితే చుట్టూ జనం మూగుతారు. నీళ్లు తెచ్చేవాళ్లుంటారు, ఫోన్లో వీడియో తీసేవాళ్లూ ఉంటారు. ఆసుపత్రికి తీసుకెళ్లమంటే మాత్రం వెనకడుగు. దీన్ని మనుషుల్లో మానవత్వం చచ్చిపోయింది అని పత్రికలు ఏళ్ల తరబడి రాశాయి. కారణం ఎక్కడుందో అందరికీ తెలుసు. ఆసుపత్రి గేటు దగ్గర డబ్బు కట్టమంటారు, పోలీసులు పేరు రాసుకుంటారు, సాక్షిగా కోర్టు చుట్టూ తిరగాలి, చివరికి నువ్వే గుద్దావేమో అన్నా అంటారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? సేవ్ లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ ఈ భయం మీద పోరాడి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2016 మార్చి 30న కోర్టు, సాయపడినవారిని వేధించకూడదంటూ కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలకు చట్టబద్ధత ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి సవరణ చేసి 134ఎ సెక్షన్ చేర్చారు. ప్రమాద బాధితుడికి మంచి మనసుతో సాయపడినవారి మీద, ఆ సాయంలో పొరపాటు దొర్లినా, సివిల్ కేసు గాని క్రిమినల్ కేసు గాని ఉండదు. పేరు, చిరునామా చెప్పి తీరాలని వారిని బలవంతం చేయకూడదు. ఇంగ్లీషు చట్టంలో ఆ సాయపడేవాణ్ని పిలిచే పేరు ఏమిటో ఊహించారా? గుడ్ సమరిటన్. లూకా సువార్తలోని మనిషే మన చట్టంలోకి వచ్చి కూర్చున్నాడు.

నా ఉద్దేశంలో ఆ సెక్షన్ పరిస్థితిని మార్చే ప్రయత్నం. దాన్ని రాసినవాళ్లు మనుషుల్లో దయ పెంచాలని చూడలేదు. ఉన్న దయ బయటికి రావడానికి అడ్డుగా ఉన్న రాయిని తీశారు. ఆ సంగతి ఊళ్లలో ఇంకా చాలామందికి తెలియదు కాబట్టి, రాయి సగమే తొలగిందనాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. అన్నిటికీ పరిస్థితే కారణమైతే, తప్పు చేసినవాడు కూడా పరిస్థితి మీదికి నెట్టేసి తప్పించుకోడా? యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ 1961లో మొదలుపెట్టిన ప్రయోగాలు చాలామంది వినే ఉంటారు. శాస్త్రవేత్త చెప్పాడని, పక్క గదిలోని మనిషికి కరెంటు షాకులు ఇస్తున్నామనుకుంటూ, 40 మందిలో 26 మంది చివరి మీట దాకా, 450 వోల్టుల దాకా వెళ్లారు. నిజానికి షాకులేవీ లేవు. ఈ 26 అంకెనే అందరూ పట్టుకుంటారు. కానీ ఆయన అదే ప్రయోగాన్ని రకరకాలుగా మార్చి చేశాడు. ఆజ్ఞ ఇచ్చేవాడు గదిలో లేకుండా ఫోనులో చెప్పినప్పుడు చివరిదాకా వెళ్లినవాళ్లు ఐదోవంతుకు పడిపోయారు. పక్కన కూర్చున్న ఇద్దరు తోటివాళ్లు "మేము చేయం" అని లేచినప్పుడు 40 మందిలో నలుగురే మిగిలారు. కాబట్టి ఈ ప్రయోగాలు మనిషి బానిస అని చెప్పడం లేదు. కాదనే మొదటి మనిషి ఎంత విలువైనవాడో చెబుతున్నాయి. ఆ మొదటి మనిషికి మాత్రం పరిస్థితి నుంచి ఏ సాయమూ లేదు. ఆ తెగువ అతని సొంతం. జర్మనీలో యూదుగా పుట్టి, హిట్లరు వచ్చాక 1933లో అమెరికాకు వెళ్లిపోయిన మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ ఈ మాట ఎప్పుడో చెప్పాడు, ప్రవర్తన మనిషీ అతని చుట్టూ ఉన్న లోకమూ కలిస్తే పుట్టేదని. రెండిట్లో ఒకదాన్ని తీసేస్తే లెక్క కుదరదు.

మీలో కొందరు స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం గురించి ఎదురుచూస్తుండవచ్చు. 1971లో విద్యార్థులను కాపలాదారులుగా, ఖైదీలుగా చేసి, కొద్ది రోజుల్లో కాపలాదారులు క్రూరులైపోయారని చెప్పుకునే ప్రయోగం. సినిమాలూ వచ్చాయి. ఆ కాపలాదారులకు ఎలా కఠినంగా ఉండాలో నిర్వాహకులే నూరిపోశారని తర్వాత బయటపడ్డ రికార్డులు చెబుతున్నాయి. అందుకని దాని మీద నేను ఏమీ నిలబెట్టను. ఈ శాస్త్రంలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 2015లో వంద మనస్తత్వ ప్రయోగాలను మళ్లీ చేసి చూస్తే, మూడోవంతుకు కాస్త పైన మాత్రమే అదే ఫలితం స్పష్టంగా వచ్చింది. వినగానే ముచ్చటేసే ఫలితాన్ని రెండోసారి అనుమానంతో చూడడం మంచిది.

అనుమానంతో చూసినా నాకు పనికొచ్చేదిగా తోచే ఒక పని చెబుతాను. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో రాయిగా మారిన పురాతన వృక్షాల వనం ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లు ఆ రాతి కర్ర ముక్కలు జేబులో వేసుకుని పోతుంటారు. రాబర్ట్ చాల్దీని అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు దారి పొడుగునా గుర్తులు పెట్టిన ముక్కలు వేసి, రెండు రకాల బోర్డులు పెట్టి చూశారు. ఒక బోర్డు మీద, ఇదివరకు వచ్చినవాళ్లు చాలామంది ముక్కలు ఎత్తుకుపోవడం వల్ల వనం పాడైపోతోందని ఉంది. రెండోదాని మీద, దయచేసి ముక్కలు తీసుకోకండి అని మాత్రమే ఉంది. మొదటి బోర్డు ఉన్నప్పుడు దాదాపు నూటికి 8 ముక్కలు పోయాయి. రెండోది ఉన్నప్పుడు 2 కన్నా తక్కువ. ఆ మొదటి బోర్డు దొంగతనాన్ని ఖండిస్తూనే, అందరూ చేస్తున్నారు అని చెవిలో ఊదింది.

మన దగ్గర ఇలాంటి బోర్డులు, వార్తలు కొల్లలు. "హెల్మెట్ పెట్టుకునేవారే కరువు", "పన్ను ఎగ్గొడుతున్న పట్టణవాసులు", "ఓటు వేయడానికి కదలని చదువుకున్నవాళ్లు". రాసినవారి ఆవేదన నిజమే. చదివినవాడికి అందేది మాత్రం, నేనొక్కణ్నే కాదన్నమాట అనే ఊరట. మా ఊరి పంచాయతీ వాళ్లు, బడి హెడ్మాస్టర్లు, అపార్టుమెంటు సంఘం కార్యదర్శులు ఎవరైనా ఈ మాట వింటుంటే, ఈసారి నోటీసు రాసేటప్పుడు ఎంతమంది కట్టలేదో రాసే బదులు ఎంతమంది కట్టారో రాసి చూడండి. కట్టినవాళ్లే ఎక్కువైతేనే సుమా. లేకపోతే వట్టి అభ్యర్థనే మేలు.

ఇంకొక్క ప్రయోగంతో ముగిస్తాను. 1965లో హోవర్డ్ లెవెంథాల్, ఆయన సహచరులు యేల్ విద్యార్థులకు ధనుర్వాతం గురించి కరపత్రాలు ఇచ్చారు. కొన్నిటిలో ఒళ్లు జలదరించే వర్ణనలు, బొమ్మలు. చదివినవాళ్లు నిజంగానే భయపడ్డారు, టీకా వేయించుకోవాలని గట్టిగా అనుకున్నారు. వేయించుకున్నది మాత్రం నూటికి ముగ్గురే. ఇంకొందరికి కరపత్రంతో పాటు క్యాంపస్ మ్యాపు ఇచ్చారు, అందులో ఆరోగ్య కేంద్రం చుట్టూ గుండ్రం గీశారు, ఈ వారం మీకు ఏ రోజు ఏ గంటకు వీలవుతుందో చూసుకోండి అన్నారు. వీళ్లలో నూటికి 28 మంది వెళ్లి వేయించుకున్నారు. ఆ విద్యార్థులు చివరి సంవత్సరంవాళ్లు, ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో అందరికీ తెలుసు. మ్యాపు వాళ్లకు కొత్తగా నేర్పింది ఏమీ లేదు.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవను నేను ఈ కోవలోనే చేరుస్తాను. అంతకుముందు కూడా ఆసుపత్రులున్నాయి, అంబులెన్సులున్నాయి, దయగలవాళ్లున్నారు. ఏ నంబరుకు చేయాలి, ఎవరు వస్తారు, ఎంత అడుగుతారు అనే మూడు సందేహాల మధ్య నిమిషాలు గడిచిపోయేవి. మూడంకెల నంబరు ఆ సందేహాలను తీసేసింది. ఇక మిగిలింది, గుంపులో ఎవరు చేస్తారన్న ప్రశ్న. దానికి డార్లీ, లటానే పరిశోధన నుంచి వచ్చే సలహా ఒకటుంది. మీరే రోడ్డు మీద పడిపోయి, చుట్టూ జనం నిలబడి చూస్తుంటే, "ఎవరైనా సాయం చేయండి" అని అందరినీ కలిపి అడగకండి. ఒకరి వైపు వేలు చూపించండి. "నీలం చొక్కా బాబూ, నువ్వు 108కి ఫోను చెయ్యి" అనండి. పక్కనున్నామెను, "అమ్మా, మీరు బండ్లు ఆపండి" అనండి. అక్కడున్నవాళ్లు ఎలాంటివాళ్లో తెలుసుకునే తీరిక అప్పుడు మీకుండదు, తెలుసుకోవలసిన అవసరమూ ఉండదు.